సరిహద్దు గీతమీది అపరాధ కథ

గుడిబండె కొండమీది కోటను భైరేగౌడ యను పాళెగాడు 17వ శతాబ్దమున కట్టించెనని చెప్పుదురు. ఆతడు ధనికులను దోచి బీదలకు పంచిపెట్టెనని జనశ్రుతి. ఇట్లు జనులే ఒకనిని దొంగయనియు దొరయనియు ఏకకాలమున తలంచిన సీమలో, నేరమెవరిది, న్యాయమెవరిది యను ప్రశ్న క్రొత్తది కాదు. ఈ ప్రశ్ననే జీవనాడిగా జేసికొని డెన్మార్కు, స్వీడన్ మున్నగు ఉత్తర యూరపు దేశములవారు నిర్మించిన టెలివిజన్ ధారావాహికలు ఈ శతాబ్దమున లోకమంతట వ్యాపించినవి. వాని గుణదోషములను విచారించుట ఈ వ్యాసోద్దేశము. ఇంట తెలుగు, బడిలో కన్నడము గల మనకు వానినుండి గ్రహింపదగిన విషయమొకటి ప్రత్యేకముగ కలదు.

ఈ వృక్షమునకు బీజము నవలలో పడినది. స్వీడన్ దేశమున మాయ్ షేవాల్, పేర్ వాలె అను సహచరులిద్దరు 1965 మొదలు 1975 వరకు 10 నవలలు కలిసి వ్రాసిరి. వారి నాయకుడు మార్టిన్ బెక్ షెర్లాక్ హోమ్సు వంటి అపర మేధావి కాడు. కడుపునొప్పితో బాధపడుచు, తోటివారితో కలిసి, విసుగుచెందక పనిచేయు సర్కారు ఉద్యోగి. ఆ పది నవలలకును రచయితలు “ఒక నేరమును గూర్చిన నవల” యని ఉమ్మడి పేరిడిరి. ఆ నేరము ఏ ఒక్క హంతకునిదియు కాదు. సంక్షేమ రాజ్యమని పేరుగాంచిన తమ సమాజము శ్రామికుని విడనాడుటయే అసలు నేరమని వారి అభిప్రాయము.

1986 ఫిబ్రవరి 28వ తేదీ రాత్రి స్వీడన్ ప్రధాని ఊలోఫ్ పాల్మె అంగరక్షకులు లేక, భార్యతో కలిసి సినిమా చూచి ఇంటికి నడచిపోవుచు స్టాక్‌హోం వీథిలో తుపాకి గుండుకు బలియయ్యెను. శిక్ష నిలిచిన దోషి లేకయే 2020లో ఆ దర్యాప్తు ముగింపబడినది. తలుపులకు గడియలక్కరలేదని నమ్మిన జాతికి ఇది మానని గాయము. 1991లో హెన్నింగ్ మాంకెల్ తన వాలండర్ నవలలను ఆరంభించినప్పుడు ఈ భయమే మరియొక రూపమున కనబడినది. పల్లెలో వృద్ధ కర్షక దంపతులు హతులగుదురు. చనిపోవుచు ఆ ముదుసలి పలికిన “విదేశీ” యను మాట ఒక్కటి శరణార్థులపై ద్వేషాగ్నిని రగిల్చును.

ఈ సంప్రదాయమే టెలివిజన్‌లో పరిపక్వమైనది. డెన్మార్కు ప్రభుత్వ ప్రసార సంస్థ 2007లో చూపిన “ఫోర్బ్రుడెల్సన్” ధారావాహికకు “నేరము” అని అర్థము. మొదటి కథ 20 భాగములు. ఒక్క బాలిక హత్యను ఇన్ని గంటలు చెప్పుటలో గొప్ప ఔచిత్యమున్నది. సామాన్యమైన డిటెక్టివ్ కథలో శవము చిక్కుముడికి ఒక కొస మాత్రమే. మొదటి పుటలు దాటిన పిమ్మట చచ్చినవారిని ఎవరును తలంపరు. ఇందు తల్లిదండ్రుల శోకము, వారి వంటయిల్లు, అంత్యక్రియ, అప్పుల చింత, అన్నియు కడవరకు మన యెదుట నుండును. దర్యాప్తు, కుటుంబము, నగర రాజకీయము అను మూడు పాయలు ఒకదానినొకటి కలంచుచు ప్రవహించును. హత్య యొక్కరిదైనను దాని నీడ ఊరందరిపై పడునని చూపుటయే ఈ నాటకముల ప్రథమ గుణము.

ద్వితీయ గుణము 2011లో ఆరంభమైన “బ్రోన్” అను ధారావాహికలో కనబడును. ఈ పేరునకు వంతెన యని అర్థము. 2000లో తెరవబడిన ఓరెసుండ్ వంతెన డెన్మార్కును స్వీడన్‌ను కలుపును. ఆ వంతెన నడుమ, సరిగా సరిహద్దు గీతమీద, ఒక శవము దొరకును. పరికింపగా అది రెండు శవముల కూర్పు. సగము ఒక దేశపు స్త్రీది, సగము మరియొక దేశపు స్త్రీది. ఇరుదేశముల పోలీసులును కలిసి పనిచేయవలసి వచ్చును. ఎవరి భాషను వారే మాటలాడుదురు. ఎవరును తమ భాషను విడువరు. ఈ కథను పలుదేశములవారు తమ తమ సరిహద్దులకు మార్చుకొనిరి. అమెరికా, మెక్సికోల నడుమ ఒకటి, ఇంగ్లాండు, ఫ్రాన్సుల నడుమ ఒకటి, మలేషియా, సింగపూరుల నడుమ మరియొకటి వెలసినవి.

ఇక దోషములు. స్త్రీలకై కన్నీరు కార్చు ఈ కథలే స్త్రీ శవమును పదే పదే అలంకారముగ వాడుకొనుచున్నవి. సమాజమును విమర్శింపబూనిన “బ్రోన్”లోని హంతకుడు నమ్మశక్యము కాని పథకములు పన్ను మాయావి. అచట సామాజిక సత్యము ఇంద్రజాలమునకు చోటిచ్చినది. ఇల్లు చెడిన పోలీసు అధికారి, ఎడతెగని చీకటి, వాన, మౌనము, ఇవి మొదట అనుభవములై, పిదప అచ్చులై, తుదకు అరిగినవి. హత్యలు మిక్కిలి తక్కువైన దేశములను చూచువాడు శ్మశానవాటికలని భ్రమపడును. డేనిష్ ఉచ్చారణము స్వీడన్ వారికి నిజ జీవితమున కలిగించు కష్టమును సైతము ఈ నాటకము తేలికగ దాటిపోయినది.

మనవారి సంగతి యేమి? కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్, ఆతని సహాయకుడు రాజు ఒక తరమువారికి పఠనాభిరుచి కలిగించిరి. ఆ మేలు మరువరానిది. కాని ఆ పరిశోధకుని పోలిక లండను నుండి వచ్చినది; చిక్కు విడినంతనే కథ ముగియును, హతుని ఇంట మిగిలిన దుఃఖముతో పనిలేదు. 2023లో వెలువడిన “దూత” యను తెలుగు ధారావాహికలో వాన ఎడతెగక కురియును. వానను అరువు తెచ్చుట సులభము. శోకమునకు, సమాజమునకు ఇచ్చిన ఆ గౌరవమును తెచ్చుకొనుటయే కష్టము.

మన సరిహద్దునకు వత్తము. 1953లో ఆంధ్ర రాష్ట్రమేర్పడినను, 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినను, ఈ సీమ మైసూరులోనే నిలిచినది. 2007లో కోలారు జిల్లానుండి చిక్కబళ్ళాపురము జిల్లా వేరుపడినది. సాక్షి నోట తెలుగు, కాగితముమీద కన్నడము. ఈ రెంటి నడుమ ఒక వంతెన కావలయును. సాక్షి న్యాయస్థాన భాష గాక వేరొక భాషలో పలికినప్పుడు, వీలైనచో ఆ భాషలోనే వ్రాసికొనవచ్చుననియు, కానిచో సరియైన అనువాదము సిద్ధపరుపవలెననియు 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు విధించినది. 2024లో ఆ కోడు పోయి భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చినను ఆ అవసరము పోలేదు. “కొట్టినాడు” అను మాటకును “తోసినాడు” అను మాటకును గల భేదము అనువాదమున జారిపోయినచో ఒకని బ్రతుకే జారిపోవును.

కావున మన సీమనుండి అపరాధ కథ పుట్టవలసియున్నచో దానికి మంచు అక్కరలేదు, చీకటియు అక్కరలేదు. కొండ క్రింది సంతలో ఇరుభాషలవారు నిత్యము నడుపు వ్యవహారమే దానికి చాలును. అందు కన్నడము పలుకు ఇన్‌స్పెక్టరు, తెలుగున ఏడ్చు తల్లి ఎదురెదురుగ నిలువవలెను. ఆమె మాటను ఆతడు సరిగా వినెనా యను ప్రశ్నయే హంతకుడెవడను ప్రశ్నకంటె పెద్దది. ఉత్తర దేశములవారినుండి మనము నేర్వదగినది ఆ వినికిడినే.