పిల్లల వస్తువులతో గరాజ్ సేల్: ధర రాసే ముందు చూడాల్సినవి

మా పెద్దాడికి ఎనిమిదేళ్ళు, చిన్నదానికి నాలుగు. ఈ వేసవిలో టెక్సస్‌లోని మా ఇంటి ముందు గరాజ్ సేల్ పెట్టాం. ముందు రోజు రాత్రి, పెద్దాడికి కొన్న కార్ సీటుకు పది డాలర్ల స్టిక్కర్ అంటిద్దామని తిరగేస్తే, అడుగున గడువు తేదీ కనిపించింది. దాటి రెండు నెలలైంది. ఆ సీటు తనకే ఉంచమన్న పక్క వీధి ఆవిడ నిండు గర్భిణి!

నేను చదివింది కెమిస్ట్రీ. లేబుల్ చూడకుండా సీసా ముట్టుకోకూడదని ల్యాబులో నేర్పారు. ఇంట్లో ఆ మాటే మరిచాను. మీరు మరవకూడదనే ఈ వివరాలు.

కార్ సీటు: గడువు సాధారణంగా తయారైన నాటి నుంచి ఆరు నుంచి పదేళ్ళు. గడువు దాటినదీ, యాక్సిడెంట్ అయిన కారులో ఉన్నదీ ఊరికే కూడా ఇవ్వకండి. పారేసేటప్పుడు బెల్టులు కత్తిరించండి, లేకపోతే రోడ్డు పక్కనుంచి ఎవరైనా తీసుకెళ్తారు.

క్రిబ్: పక్క భాగం కిందికి దించే రకాన్ని అమెరికాలో 2011 జూన్ 28 నుంచి అమ్మకూడదు. క్రిబ్ బంపర్లు, ఏటవాలు స్లీపర్లు 2022 చట్టంతో నిషేధమయ్యాయి.

రీకాల్: రీకాల్ అయిన వస్తువులు అమ్మడం 2008 నాటి చట్టం ప్రకారం తప్పు. గరాజ్ సేల్‌కూ ఇది వర్తిస్తుంది. కన్స్యూమర్ ప్రొడక్ట్ సేఫ్టీ కమిషన్ సైటులో మోడల్ నంబర్ కొట్టి చూడండి. కార్ సీట్లకైతే ఎన్‌హెచ్‌టీఎస్ఏ సైటు.

బొమ్మలు: టాయిలెట్ పేపర్ అట్టగొట్టంలో పట్టే ముక్కలున్నవి మూడేళ్ళలోపు పిల్లలకు వద్దు. బటన్ బ్యాటరీ మూత వదులైనవీ, చిన్న అయస్కాంతాలు ఊడి వచ్చేవీ అసలు పెట్టకండి.

జాకెట్లు: మెడ దగ్గర, టోపీ దగ్గర లాగే తాళ్ళుంటే తీసేయండి.

ఇక పిల్లల సంగతి. రెండు వారాల ముందే మూడు అట్టపెట్టెలు పెట్టాను: ఉంచుకునేవి, అమ్మేవి, ఆలోచించేవి. అయినా ఒక పొరపాటు చేశాను. మూత పోయిందని లక్కపిడతల సెట్టును దానికి చెప్పకుండా అమ్మే పెట్టెలో వేశాను. చిన్నది వెతికి వెనక్కి తెచ్చుకుంది. "అమ్మమ్మ ఇచ్చింది కదా!" అంది. అనకాపల్లి నుంచి వస్తూ మా అమ్మ తెచ్చిన ఏటికొప్పాక బొమ్మలవి. ఆ సంగతి నాకు గుర్తులేదు, దానికుంది. పిల్లల్ని అడగకుండా ఏదీ అమ్మకండి.

పెద్దాడికి నిమ్మరసం బల్ల అప్పగించాం. పిల్లలు అప్పుడప్పుడూ ఇలా నిమ్మరసం అమ్ముకోవడాన్ని నగరాలు, హెచ్‌ఓఏలు అడ్డుకోకూడదని టెక్సస్‌లో 2019లో చట్టం వచ్చింది. సేల్‌కు మాత్రం కొన్ని ఊళ్ళలో పర్మిట్ కావాలి, ఏడాదికి ఇన్నిసార్లే అన్న పరిమితీ ఉంటుంది. సిటీనీ, మీ హెచ్‌ఓఏనీ ముందే కనుక్కోండి. చిల్లరకు ఒక డాలర్ నోట్లు, క్వార్టర్లు దగ్గర పెట్టుకోండి. కొన్నదానికన్నా తక్కువకు అమ్మిన సొంత వస్తువులపై ఆదాయపు పన్ను పడదు.

ఉదయం ఆవిడ రాగానే కార్ సీటు లేబుల్ చూపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా అక్క ఇచ్చిన క్రిబ్ ఒకటి ఇంట్లో ఉంది, దాని పక్క కిందికి దిగుతుందేమో చూడాలి" అంటూ ఇంటికి వెళ్ళింది. ఆ రోజు పది డాలర్లు తగ్గినందుకు నాకేం బాధ లేదు.