హెలెన్‌కేమైంది?

డిస్టోపియా నవల అనగానే నియంతలు, తుపాకులు, బూడిదైన ఊళ్లు కళ్లముందు కదులుతాయి. ‘ద గివర్’ మాత్రం వృద్ధాశ్రమంలోని ఓ గదిలో పుట్టింది.

దాన్ని రాసిన లోయిస్ లౌరీ తండ్రి అమెరికా సైన్యంలో పళ్ల డాక్టరుగా చేసినవాడు. తొంభైకి దగ్గరపడ్డాక జ్ఞాపకశక్తి సన్నగిల్లింది. కూతురు చూడ్డానికి వెళ్తే ఇద్దరూ గోడల నిండా ఉన్న ఫొటోలు చూస్తూ పాత కబుర్లు చెప్పుకునేవారు. అలా ఓసారి పెద్దాయన ఒక ఫొటో చూసి మురిసిపోయాడు. మీ అక్క హెలెన్ కదూ, అన్నాడు. ఆ వెంటనే, ఇంతకీ దానికేమైందో గుర్తురావడం లేదన్నాడు. గొంతులో కాస్త తికమక ఉంది, దుఃఖం లేదు.

హెలెన్ 1962లో క్యాన్సర్‌తో పోయింది. అప్పటికి ఆమెకు 28 ఏళ్లు.

అంతటి కడుపుకోత ఆయన మనసులోంచి చెరిగిపోయింది. ఆయనకది హాయే. కానీ ఊరు ఊరంతా అలా మరిచిపోతే? లౌరీని పట్టుకున్న ప్రశ్న అది.

1993లో నవల వచ్చింది. ఆ ఊళ్లో యుద్ధం లేదు, ఆకలి లేదు. రంగులూ లేవు. లోకం పడ్డ బాధలన్నీ అందరి తరఫునా ఒక్కడే మోస్తాడు. ఆ బరువు ఇప్పుడు పన్నెండేళ్ల జోనాస్ నెత్తిన పడుతుంది. చావుని అక్కడ ‘విడుదల’ అంటారు. కవలల్లో బరువు తక్కువున్న పసివాడికి జోనాస్ తండ్రి ముద్దుమాటలు చెబుతూనే సూది వేస్తాడు. అట్టపెట్టెలో పెట్టి కిందికి జారవిడిచి, చెయ్యి ఊపుతాడు. కొడుకు అదంతా తెరమీద చూస్తాడు. ఆ తండ్రి క్రూరుడు కాడు, అదే భయంకరం. చావంటే ఏమిటో అతనికి తెలియదు. ఈ ఘట్టం చదివినప్పుడల్లా నాకు ఫొటో ముందు నవ్విన ఆ పెద్దాయనే గుర్తొస్తాడు.

1994లో నవలకి, పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ పతకం వచ్చింది. పిల్లలకు ఇలాంటివేమిటంటూ బడి లైబ్రరీల్లోంచి తీసేయమన్న పెద్దలూ బయల్దేరారు. చావు కబురు పిల్లల చెవిన పడకూడదనేవాళ్లు ఈ పుస్తకం మీదే విరుచుకుపడటం, ఏం చెప్పమంటారు!

మొదటి ముద్రణ అట్టమీది గడ్డం ముసలాయన కార్ల్ నెల్సన్, చిత్రకారుడు. ఒక పత్రికా వ్యాసం కోసం వెళ్లి లౌరీయే తీసిన ఫొటో అది. రంగులంటే ప్రాణమిచ్చే ఆయనకు తర్వాత చూపు పోయింది. ఆ రంగులన్నీ పోయాక ఆయనకెలా ఉందోనని లౌరీ తలుచుకునేది. ఫొటో మాత్రం ఆమె రాతబల్ల పైనే వేలాడుతూ ఉండేది.