నోరు కదిలే బొమ్మ, బడిలో మన మాట

బొమ్మలాట అనగానే మనకు బొమ్మ చేతులు, కాళ్లు, రంగులు గుర్తుకొస్తాయి. నోరు గుర్తుకు రాదు. మన చుట్టుపక్కల ఆడిన బొమ్మల్లో ఎక్కువ వాటికి నోరు కదలదు కాబట్టి అటు మన చూపు పోలేదు. ఏ బొమ్మకు నోరు కదిలేలా చేశారు, ఆ నోటితో ఎవరి భాష మాట్లాడించారు అని వెతుక్కుంటూ పోతే ఆ చరిత్ర చివరికి మన ఆదివాసీ బడి గుమ్మం దగ్గరికే వస్తుంది. అందుకే టీచర్లమైన మేము దీన్ని మన యువతకు, తోటి ఉపాధ్యాయులకు చెప్పదలచుకున్నాం.

మొదట తెలుగు నేల సంగతి. నిమ్మలకుంట వంటి ఊళ్లలో ఈనాటికీ మేక తోలును శుభ్రం చేసి, పారదర్శకంగా మార్చి, రంగులు వేసి తోలుబొమ్మలు చేస్తున్నారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఈ బొమ్మలకు భుజం, మోచేయి దగ్గర దారంతో కీళ్లు కడతారు. పుల్ల పట్టుకుని ఆడిస్తే చేతులు ఊగుతాయి. ముఖం మాత్రం కదలదు. మాట తెర వెనుక మనిషిది. రాముడు, రావణుడు పద్యాలు చదువుతారు. మధ్యలో కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి ఊరి జనం భాషలో మాట్లాడతారు. జనం వీళ్ల కోసం కూడా రాత్రంతా మేల్కొని కూర్చునేవారు.

ఆదివాసులకూ సొంత బొమ్మలాట ఉంది. జార్ఖండ్, పశ్చిమ బెంగాల్ ప్రాంతాల సంతాల్‌లు 'చాదర్ బదర్' అనే ఆట ఆడతారు. గుడ్డ చుట్టిన ఒక పెట్టెలో జానెడు ఎత్తు చెక్కబొమ్మలు, ఆడవాళ్లవి, మగవాళ్లవి, వరసగా నిలబడి ఉంటాయి. తాడు లాగితే అన్నీ కలిసి సంతాల్ నాట్యం చేస్తాయి. పాట సంతాలీలో ఉంటుంది. ఈ బొమ్మలకూ నోరు కదలదు. కానీ వాటి పక్కన వినిపించేది సొంత భాష. ఆ భాషకు రఘునాథ్ ముర్ము 1925లో ఓల్ చికి లిపి తయారుచేశారు. 2003లో రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో సంతాలీ చేరింది. పెట్టెలోని పాట అదే భాషలో నిలిచి ఉండటం ఆ పోరాటంలో చిన్న భాగం కాదు.

ఇక నోరు కదిలిన బొమ్మ దగ్గరికి వద్దాం. ఇండోనేషియాలోని బాలి దీవిలోనూ తోలుబొమ్మలాట ఉంది. మన లాగే రామాయణ భారత కథలే ఆడతారు. అక్కడ దేవుళ్లు, రాజులు 'కవి' అనే పాత భాషలో మాట్లాడతారు. చూసే జనానికి అది అర్థం కాదు. అందుకని త్వాలెన్, మెర్దా, దెలెమ్, సంగుట్ అనే సేవకులు ఆ మాటలను వెంటవెంటనే బాలి జనభాషలోకి మార్చి చెబుతారు. ఆ సేవకుల బొమ్మలకు కింది దవడ విడిగా కోసి, దారం కడతారు. దారం లాగితే నోరు తెరుచుకుంటుంది. అంటే రాజు నోరు కదలదు, జనం భాష మాట్లాడే సేవకుడి నోరు కదులుతుంది. మేము ఈ చరిత్రలో అన్నిటికంటే ముఖ్యంగా పట్టుకున్న విషయం ఇదే.

తర్వాతి కాలంలో చెక్కబొమ్మల దవడలు కదిలాయి. జపాన్ బున్రాకు బొమ్మల్లో కొన్ని తలలకు లోపల దారాలు అమర్చి కళ్లు, నోరు కదిలిస్తారు. బొమ్మను ఒళ్లో కూర్చోబెట్టుకుని, తన పెదవులు కదలకుండా మాట్లాడే కళాకారులూ వచ్చారు. వాళ్ల బొమ్మకు గడ్డం రెండు వైపులా చీలిక ఉంటుంది, వీపు లోపల మీట ఉంటుంది. కానీ చెక్క దవడకు తెరవడం, మూయడం రెండే తెలుసు. నవ్వడం, మూతి ముడవడం, అలగడం దానికి రావు. పైగా చెక్క చెక్కడం అందరికీ వచ్చే పని కాదు.

దీన్ని మార్చినవాడు అమెరికాకు చెందిన జిమ్ హెన్సన్. 1955లో వాషింగ్టన్ టీవీలో చిన్న బొమ్మల కార్యక్రమం మొదలుపెట్టాడు. టీవీ కెమెరా ముఖానికి దగ్గరగా వస్తుంది కాబట్టి బొమ్మ ముఖం మెత్తగా ఉండాలని అతను గ్రహించాడు. వాళ్ల అమ్మ పారేసిన పాత కోటు గుడ్డతో, రెండు ముక్కలు చేసిన పింగ్‌పాంగ్ బంతితో కెర్మిట్ అనే బొమ్మ చేశాడు. దానికి మీట లేదు, దారం లేదు. మనిషి చెయ్యే బొమ్మ తల. నాలుగు వేళ్లు పై దవడ, బొటనవేలు కింది దవడ. వేలు కొంచెం ముడిస్తే బొమ్మ మూతి ముడుస్తుంది. 1969లో మొదలైన 'సెసేమ్ స్ట్రీట్' ఈ బొమ్మలతోనే చిన్నపిల్లలకు అక్షరాలు, అంకెలు నేర్పింది. అదే బాటలో 2000లో దక్షిణాఫ్రికాలో మొదలైన 'తకలాని సెసేమ్' ఆ దేశపు అనేక భాషల్లో మాట్లాడింది. మన దేశంలో 2006లో 'గలీ గలీ సిమ్ సిమ్' హిందీలో వచ్చింది. గోండి, కోయ, కువి పిల్లవాడి దాకా అది రాలేదు. ఆ పని మనమే చేసుకోవాలి. బొమ్మ ఎంత సులువుగా చేయొచ్చో హెన్సన్ పాత కోటే చెబుతోంది కదా.

చేసే పద్ధతి చెబుతాం. ఒక పాత సాక్సు, పాత నోటుబుక్కు అట్ట, ఎర్ర గుడ్డ, సైకిల్ ట్యూబు ముక్క, జిగురు, సూది దారం చాలు. మీ చేతి వేళ్లు దగ్గరగా ఉంచి కొలుచుకోండి. పెద్దవాళ్లకు పై దవడ అట్ట సుమారు 9 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు సరిపోతుంది. కింది దవడ ఒక సెంటీమీటరు పొట్టిగా ఉండాలి. ముందు వైపు గుండ్రంగా కోయండి. చాలామంది ఒకే అట్టను మధ్యకు మడుస్తారు. అలా చేస్తే మడత బిగుసుగా ఉండి వేళ్లు నొప్పి పెడతాయి, పది రోజుల్లో అట్ట విరుగుతుంది. అందుకని రెండు ముక్కలుగానే కోసి, మధ్యలో రెండు మూడు మిల్లీమీటర్ల సందు వదిలి, గుడ్డ పట్టీ అంటించాలి. తలుపుకు బందు లాగా ఆ గుడ్డే బందు అవుతుంది. దాని మీద ఎర్ర గుడ్డ అంటిస్తే నోటి లోపలి భాగం తయారు. జిగురు ఆరే వరకు నోరు సగం తెరిచి ఉంచాలి.

అట్టల రెండో వైపు ట్యూబు పట్టీలు కుట్టాలి. పై అట్టకు నాలుగు వేళ్లకు ఒకటి, కింది అట్టకు బొటనవేలికి ఒకటి. పట్టీ లేకపోతే నోరు మూయడం వస్తుంది గానీ తెరవడం రాదు. తర్వాత సాక్సు మొనను అడ్డంగా కత్తిరించి, ఆ అంచును దవడల అంచు చుట్టూ కుట్టాలి. నోటి రెండు మూలల దగ్గర గుడ్డను వేలెడు వదులుగా ఉంచడం మరవొద్దు. బొమ్మ నోరు కష్టంగా కదులుతోందంటే తరచుగా ఆ మూలల్లోనే గుడ్డ బిగిసి ఉంటుంది. కళ్లకు గింజలో, గుండీలో కుట్టుకోవచ్చు. చిన్నపిల్లల చేతికి ఇచ్చేటప్పుడు అవి ఊడకుండా చూడాలి.

ఆడించడంలో ఒకే సూత్రం. పై దవడ నిలకడగా ఉండాలి, బొటనవేలు కిందికి దిగాలి. నాలుగు వేళ్లు పైకి లేపితే మాటమాటకూ తల వెనక్కి ఎగురుతుంది. మాట పలికేటప్పుడే నోరు తెరవాలి, పలికాక మూయాలి. 'అమ్మ' అంటే రెండుసార్లు తెరుచుకోవాలి, మధ్యలో 'మ్మ' దగ్గర పెదవులు కలవాలి. అద్దం ముందు పది నిమిషాలు చేస్తే ఎవరికైనా వస్తుంది.

ఇప్పుడు బడి సంగతి. ఆదివాసీ పిల్లలకు వాళ్ల భాషలో చదువు చెప్పాలన్న ఆలోచన కొత్తది కాదు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం పుస్తకాలు రాశారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి. ఆదిలాబాద్‌లో కుమ్రం భీం పోరాటం తర్వాత, 1943లో హైమెండార్ఫ్ పూనికతో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారయ్యాయి. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, బంజారా, ఆదివాసీ ఒడియా భాషల్లో బహుభాషా బోధన ప్రారంభించింది. ప్రతిసారీ పుస్తకాలు వచ్చాయి. ప్రతిసారీ కొన్నాళ్లకు అవి బీరువాల్లోకి చేరాయి. పుస్తకం ప్రభుత్వం ఆపితే ఆగుతుంది. సాక్సుతో చేసిన బొమ్మను ఆపడానికి ఏ ఉత్తర్వూ చాలదు.

ఒకటో తరగతిలో చేరిన గూడెం పిల్ల వారాల తరబడి నోరు విప్పకపోవడం మేమందరం చూసిందే. టీచరు అడిగితే తల దించుకుంటుంది. బొమ్మ దాని భాషలో "తిన్నావా?" అని అడిగితే బొమ్మకు జవాబు చెబుతుంది. బొమ్మ ముందు తప్పు మాట అనేది ఉండదు. ఆ భాష రాని టీచరు ఉంటే బొమ్మను ఊరి అవ్వ చేతికో, పెద్ద తరగతి పిల్ల చేతికో ఇవ్వాలి.

చివరగా ఒక హెచ్చరిక. బాలిలో జనభాష సేవకుడి నోట్లోనే మిగిలింది. తెర మీద మన కేతిగాడికీ నవ్వించే పనే మిగిలింది. మనం ఆ తప్పు దారి పట్టొద్దు. తెలుగు మాట్లాడేది పంతులు బొమ్మ, కోయ మాట్లాడేది జోకరు బొమ్మ అని పెడితే పిల్ల దాన్నే నేర్చుకుంటుంది. ఆకులు చుట్టి, ముఖానికి నలుపు పూసి 'ఆదివాసీ బొమ్మ' అనడం అసలే వద్దు. భీం బొమ్మ గోండిలో మాట్లాడాలి. డాక్టరమ్మ బొమ్మ కువిలో మాట్లాడాలి. లెక్కలు చెప్పే బొమ్మ సవరలో లెక్క చెప్పాలి. వేల్పుల బొమ్మలు చేయాలనుకుంటే ముందు ఊరి పెద్దలను, పటేల్‌ను, వడ్డెను అడగాలి. వాళ్లు వద్దంటే మానుకోవాలి.

కోయ డోలీలు పడిగె చూపుతూ, తోటీలు కిక్రీ వాయిస్తూ మన వంశాల కథలు ఇన్ని తరాలు మోసుకొచ్చారు. ఆ కథలకు గొంతు ఉంది, మాట ఉంది. ఈ సెలవుల్లో ప్రతి బడికీ రెండు బొమ్మలు కుట్టుకుందాం. బడి తెరిచిన రోజు మొదటి మాట ఆ పిల్లల ఇంటి భాషలోనే వినిపిద్దాం.