స్టాకు రిజిస్టరులో కుక్క

జిల్లా ఎడిషన్ పేపర్లో దొంగతనం వార్త ఎప్పుడు చదివినా చివర్లో ఒక మాట తప్పకుండా ఉంటుంది. పోలీసు జాగిలం ఇంట్లోంచి బయల్దేరి, రెండు వీధులు తిరిగి, బస్టాండు దాకా వెళ్ళి ఆగిపోయిందని. విజయనగరంలో పెరిగిన నేను చిన్నప్పుడు ఈ వార్త ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. దొంగ బస్సెక్కేశాడు, కుక్క దగ్గర టికెట్టుకి చిల్లర లేదు, అందుకే ఆగిపోయింది అనుకునేవాణ్ణి :-) ఆగిపోయిన ఆ కుక్క తర్వాత ఏమవుతుంది, ముసలిదయ్యాక ఎక్కడుంటుంది అని మాత్రం ఏ పేపర్లోనూ చదవలేదు.

ఆ ప్రశ్నకి జవాబు మా వీధిలోనే దొరికింది. మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉండే మావయ్య (వరస కలిపి పిలుపే, చుట్టరికం లేదు) ఒక జిల్లా డాగ్ స్క్వాడులో హేండ్లరు. ఆయన కుక్క రాణి, నల్ల లేబ్రడార్. 2005లో ఇద్దరికీ హైదరాబాదులో ఎనిమిది నెలలు ట్రైనింగు. 2012లో దానికి వెనక కాళ్ళు పట్టేసి, జీపులోకి ఎగరలేకపోతే, పనికిరాదని రాసేశారు. మావయ్య వెంటనే తనకి ఇచ్చెయ్యమని అర్జీ పెట్టుకున్నాడు. ఆ కాగితం ఏడు నెలలు తిరిగింది. ఎందుకంటే రాణి కుక్క కాదు, స్టాకు రిజిస్టరులో ఒక వస్తువు. వస్తువుని తీసెయ్యాలంటే ధర కట్టాలి, కమిటీ సంతకం పెట్టాలి. ఆ ఏడు నెలలూ అది డ్యూటీ లేకుండా షెడ్డులో ఉంది. మావయ్య డ్యూటీ దిగాక రోజూ సాయంత్రం టీవీఎస్ మీద వెళ్ళి చూసొచ్చేవాడు.

"నాను ఎల్లకపోతే అది మెతుకు ముట్టదురా బాబూ" అనేవాడు. మేము నమ్మేవాళ్ళం కాదు.

ఇదంతా మన గవర్నమెంటు ఆఫీసుల నిర్వాకమే అని చాలాకాలం అనుకున్నాను. ఈ మధ్య యుద్ధాల్లో కుక్కల చరిత్ర చదువుతుంటే తెలిసింది, స్టాకు రిజిస్టరు సమస్య ప్రపంచమంతా ఉందని. దానికి ఒక చిత్రమైన మొదలు కూడా ఉంది.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ దగ్గరా అమెరికా దగ్గరా చాలినన్ని కుక్కలు లేవు. జనాన్ని అడిగారు. బ్రిటన్లో చాలా కుటుంబాలు తమ పెంపుడు కుక్కల్ని యుద్ధానికి అరువిచ్చాయి. అమెరికాలో 1942 జనవరిలో ‘డాగ్స్ ఫర్ డిఫెన్స్’ అనే సంస్థ పుట్టి ఇళ్ళ నుంచి కుక్కల్ని సేకరించి సైన్యానికి ఇచ్చింది. యుద్ధం అయ్యాక ఏం చేశారన్నది అసలు విశేషం. అమెరికా సైన్యం ఆ కుక్కలకి కూర్చోబెట్టి ‘ట్రైనింగు మరిపించే ట్రైనింగు’ ఇచ్చింది. కొత్త మనుషులు దగ్గరికొస్తే మీద పడకూడదు, సైకిలు వెళ్తే వెంటపడకూడదు, చప్పుళ్ళకి ఉలిక్కిపడకూడదు. ఇది వచ్చాక మొదటి యజమాని కావాలంటే ఆయనకి, వద్దంటే అడిగిన వేరేవాళ్ళకి ఇచ్చారు. 1947 నాటికి దాదాపు 3,000 కుక్కలు ఇలా ఇళ్ళకి చేరాయి. పెద్దగా ఫిర్యాదులు రాలేదు. అంటే పని నేర్చిన కుక్క ఇంట్లో ఇమడదు అనే వాదనకి జవాబు 80 ఏళ్ళ కిందటే దొరికిందన్నమాట.

మరి ఆ పద్ధతి ఎందుకు పోయింది? నాకు తోచిన కారణం ఇది. ఆ తర్వాత సైన్యం అరువు మానేసి కుక్కల్ని కొనడం మొదలుపెట్టింది. అరువు తెచ్చుకున్న గిన్నె తిరిగివ్వాలి, పొరుగింటావిడ అడుగుతుంది. కొనుక్కున్న గిన్నెని సొట్టపడ్డాక ఏం చేసినా అడిగేవాళ్ళుండరు. వియత్నాంలో అమెరికా సుమారు 4,000 కుక్కల్ని వాడింది. వాటిలో వెనక్కొచ్చినవి 200 దాకా. మిగిలినవాటిలో యుద్ధంలో పోయినవి పోగా, బతికున్నవాటిని మిగులు సామాను కింద లెక్కగట్టి కొన్నిటిని దక్షిణ వియత్నాం సైన్యానికి అప్పగించారు, కొన్నిటిని అక్కడే చంపేశారు. వాటి హేండ్లర్లు ముసలివాళ్ళయ్యాక కూడా ఆ కుక్కల గురించి చెప్పుకుని ఏడ్చారు. చివరికి 2000 నవంబరులో అమెరికాలో ‘రాబీ చట్టం’ వచ్చింది. రిటైరైన మిలటరీ కుక్కని పాత హేండ్లరుకో, పోలీసు శాఖకో, చూసుకోగల మామూలు మనుషులకో ఇవ్వొచ్చని. రాబీ అనేది ఒక బెల్జియన్ మాలినాయ్. తన పాత హేండ్లరు ఎంత అడిగినా దాన్ని ఇవ్వలేదు. చట్టమైతే దాని పేరు మీద వచ్చింది గానీ అది మాత్రం ఇల్లు చూడకుండానే 2001 జనవరిలో పోయింది.

మన దేశం సంగతి. ముంబయిలో 1993 పేలుళ్ళప్పుడు వేల కిలోల ఆర్‌డీఎక్స్ పట్టించిన జంజీర్ పేరు చాలామంది వినే ఉంటారు. అది 2000లో క్యాన్సరుతో పోతే పోలీసు లాంఛనాలతో పూడ్చారు. 2008 నవంబరు 26 దాడులప్పుడు పనిచేసిన ముంబయి పోలీసు కుక్కల్లో నాలుగు (మాక్స్, సీజర్, సుల్తాన్, టైగర్) రిటైరయ్యాక విరార్ దగ్గర ఒక ఫామ్‌లో కలిసి బతికాయి. చివరగా మిగిలిన సీజర్ 2016లో పోయింది. ఇవి పేరున్న కుక్కలు. పేరులేని వాటి సంగతి 2015లో సమాచార హక్కు కింద అడిగితే బయటపడింది. పనిచేయలేని కుక్కల్ని మన సైన్యం మందు పెట్టి చంపేసేదట. బ్రిటిష్ కాలం నుంచీ అదే వాడుక. సైనిక స్థావరాల ఆనుపానులు తెలిసిన కుక్క ఎవరి చేతిలోనైనా పడితే ప్రమాదం అని ఒక కారణం చెప్పేవారు. (కుక్కేమైనా మ్యాపు గీసిస్తుందా స్వామీ!) విషయం ఢిల్లీ హైకోర్టుకెక్కాక కేంద్రం ఆ పద్ధతి మార్చుకుంటానంది. ఆ తర్వాత రిటైరైన కుక్కలకి మీరట్‌లో ఆశ్రయం, అడిగినవాళ్ళకి దత్తత మొదలయ్యాయి. ఢిల్లీ మెట్రోలో కాపలా కాసిన ఏడు కుక్కలకి 2019 నవంబరులో సీఐఎస్ఎఫ్ మెడల్సు వేసి, వీడ్కోలు సభ పెట్టి ఒక స్వచ్ఛంద సంస్థకి అప్పగించింది. ఫొటోలు చూసి మావయ్య ఫోన్ చేశాడు. "సూశావేటిరా? దండలేశారు. మా రాణికి ఓ కాగితమ్ముక్క ఇచ్చారు" అని.

మన ఉత్తరాంధ్రకి ఈ కుక్కలు ఊరికే రాలేదు. 1967 అక్టోబరు 31న లేవిడిలో కోరన్న, మంగన్నలు కాల్పుల్లో చనిపోయాక రగిలిన శ్రీకాకుళం గిరిజన పోరాటం 1970లో అణిగింది. తర్వాత దశాబ్దాల్లో ఏజెన్సీలో మందుపాతరల కాలం వచ్చింది. 2003 అక్టోబరు 1న అలిపిరిలో ముఖ్యమంత్రి కాన్వాయ్ మీద క్లేమోర్ మైన్లు పేలాక రాష్ట్రమంతటా వీఐపీ రూట్లలో, జాతరల్లో బాంబు కుక్కల పని పెరిగింది. పైడితల్లి అమ్మవారి సిరిమాను ముందు రోజు మూడులాంతర్ల దగ్గర కొట్ల మెట్లు వాసన చూసుకుంటూ వెళ్ళే కుక్కల వెనక మేం పిల్లలం పరుగెత్తేవాళ్ళం. ఇప్పుడు పని మారింది. మందుపాతరల బదులు గంజాయి. అరకు వైపు రైళ్ళు, ఇచ్ఛాపురం హైవే, బస్టాండులో సూట్‌కేసులు.

కుక్క ముక్కులో వాసన పట్టే కణాలు ఇరవై కోట్ల పైనే, మనకి యాభై అరవై లక్షలు. కానీ ముక్కుండగానే సరిపోదు. దానికి పని అంటే బంతి. ఫలానా వాసన దొరికితే బంతి వస్తుంది, అంతే. బాంబు కుక్క వాసన దొరికాక గీరకూడదు, మొరగకూడదు. కూర్చోవాలి, కూర్చుని హేండ్లరు వైపు చూడాలి. బంతి మీద అంత యావ లేని కుక్కలు, మెటల్ మెట్లకీ టపాసులకీ భయపడే కుక్కలు, వాసన కన్నా మనుషుల మీద ఎక్కువ ఇష్టం ఉన్న కుక్కలు ట్రైనింగులోనే ఫెయిలవుతాయి. మా కంపెనీ భాషలో అయితే బెంచి మీద కూర్చుంటాయి. ఆ చివరి రకాన్ని మించిన పెంపుడు కుక్క ఉంటుందా? అమెరికాలో విమానాశ్రయాల భద్రత వాళ్ళు ఇలా ఫెయిలైనవాటినీ రిటైరైనవాటినీ జనానికి ఇస్తారు. కంచె ఉన్న పెరడు ఉందా అని ముందే అడుగుతారు. మన జిల్లా స్క్వాడుల్లో ఇలాంటి దత్తతకి ఒక మామూలు దారి ఉంటే, మావయ్యలాంటి వాళ్ళకి ఏడు నెలలు పట్టదు.

నేనూ ఒకటి తెచ్చుకుందామని పోయిన సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు మావయ్యని అడిగాను. ఆయన ఎగాదిగా చూసి "నువ్వుండేది ఐదో అంతస్తు. పది గంటలు ఆపీసు. దానికేటి పని సెప్తావు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇంకా ఆలోచిస్తున్నాను.

రాణి చివరికి మావయ్య ఇంటికొచ్చింది. 2013 దీపావళి నాటికి నేను ఇంటర్లో ఉన్నాను. సాయంత్రం మావయ్య దాన్ని నడిపించుకుంటూ వస్తున్నాడు. మా ఇంటి అరుగు మీద టపాసుల డబ్బా ఉంది. రాణి ఆగింది, ముక్కెత్తింది, దాని పక్కనే కుదురుగా కూర్చుని ఆయన వైపు చూసింది. ఆయన నవ్వి జేబులోంచి బంతి తీసి వేశాడు. పక్కింటి ముందు మళ్ళీ కూర్చుంది. ఆ పక్కింటి ముందు మళ్ళీ. వీధి వీధంతా మందుగుండే కదా మరి. వెనక కాళ్ళు పట్టేసినా ప్రతి ఇంటి ముందూ కష్టపడి కూర్చునేది. చీకటి పడుతోంది, ఎవరో అప్పుడే మతాబు వెలిగించారు. అయినా మావయ్య ఒక్క ఇల్లు కూడా వదలకుండా, వీధి చివరిదాకా బంతి వేస్తూనే ఉన్నాడు.