పేరున్న మట్టి
గద్వాల కోటను జనం మట్టికోట అంటారు. పదిహేడో శతాబ్దంలో పెద సోమభూపాలుడు కట్టించాడు. అదే నడిగడ్డలో, అంటే కృష్ణా తుంగభద్రల నడిమి నేలలో, ఆలంపురంలో, అంతకు దాదాపు వెయ్యేళ్ల ముందే బాదామి చాళుక్యులు రాతి గుళ్లు నిలబెట్టారు. రాతిపని తెలియక ఎవరూ మట్టిని ఎంచుకోలేదు. ఏ మట్టి బరువు మోస్తుందో, ఏది వానకు నిలుస్తుందో తెలిసినవాళ్లు ఇక్కడ ఉండేవారు.

మా నాయన అలాంటి మనిషి. మట్టిగోడలు పెట్టడం ఆయన పని. నేను వనపర్తి పాలిటెక్నిక్‌లో సివిల్ చదివాను. రాజావారి ప్యాలెస్‌లో 1959లో మొదలైన కాలేజీ అది. జల్లెడ పరీక్షలూ లెక్కలూ అక్కడ నేర్చుకున్నాను. మట్టిని పేరుపెట్టి పిలవడం మాత్రం నాయన దగ్గరే నేర్చుకున్నాను. చెలక, దుబ్బ, రేగడి, సుద్ద, మొరం, చౌడు... ఒక్కోదానికి ఒక్కో పని.

అన్నింట్లో చౌడు గొప్పతనం నాకు చదువుకున్నాకే బాగా అర్థమైంది. పాత మిద్దెలకు దూలాల మీద దంతెలు, వాటి మీద చెక్కలో కంపో, ఆపైన మందంగా మట్టి, అన్నింటికన్నా పైన చౌడు. ఏటా మిరుగు రాకముందే కొత్త చౌడు తెచ్చి మిద్దె మీద పోసేవారు. చౌడులో సోడియం ఎక్కువ. తడి తగలగానే బంకరేణువులు ఒకదాన్నొకటి విడిచి, సన్నటి సందులన్నీ పూడుస్తాయి. వాన లోపలికి దిగక వాలు వెంట జారిపోతుంది. చౌడు నేలలో పైరు ఎదగకపోవడానికి కారణమూ ఇదే. వేళ్లకు నీరందదు, గాలాడదు. చేనుకు పనికిరాదని తిట్టిన మట్టే ఇక్కడ వేల కుటుంబాల నెత్తిన గొడుగైంది. ఆ చేనునే బాగుచెయ్యాలంటే జిప్సం వేసి, మంచినీళ్లు పెట్టి, సోడియాన్ని కిందికి కడిగెయ్యాలి.

రేగడి సంగతి వేరు. ఆలంపురం వైపు, కొల్లాపురం దగ్గర కృష్ణ ఒడ్డున చూడండి: ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలు, వానాకాలం అదే నేల ఉబ్బి పైకి తోస్తుంది. పునాది పైపైన వేస్తే కిటికీ మూలల నుంచి గోడ ఏటవాలుగా చీలుతుంది. పాత మేస్త్రీలు రేగడిని తవ్విపోసి మొరం తగిలేదాకా దిగేవారు. రేగడి మరీ లోతుగా ఉన్నచోట ఏం చెయ్యాలో రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ 1950ల్లో చూపింది: తేమ మారని లోతుకు దించి, అడుగున ఉల్లిగడ్డలా ఉబ్బించిన కాంక్రీటు పైల్స్.

నా పనిలో నన్ను ఎక్కువ బాధపెట్టింది మరుగుదొడ్ల గుంతలు. 2014లో స్వచ్ఛభారత్ మొదలయ్యాక ఊరూరా రెండు గుంతల దొడ్లు వచ్చాయి. మంచి పద్ధతి. ఒకటి నిండితే రెండోదానికి తిప్పాలి, మొదటిది ఎండి ఎరువవుతుంది. నాగర్‌కర్నూల్ చెలకల్లో, మొరం నేలల్లో గుంత నీళ్లను చక్కగా పీల్చుకుంటుంది. ఆ నమూనానే మార్చకుండా రేగడిలో దించితే, మొదటి ముసురుకే ఇంటి ఇల్లాలు, “గుంత నీళ్లు తాగుతలేదు సార్” అంటుంది. ఇసుకనేల చదరపు మీటరుకు రోజుకు 50 లీటర్లు తాగితే బంకనేల 10 లీటర్ల దగ్గరే ఆగిపోతుంది. రేగడిలో గుంత వెడల్పు చేసి, గుంతలో దించిన రింగుల చుట్టూ 30 సెంటీమీటర్ల మేర ఇసుకా గులకరాళ్లూ నింపాలి. ఇసుక నేలలో ముప్పు మరోలా ఉంటుంది. మురుగు త్వరగా దిగి బోరునీళ్లలో కలుస్తుంది, కాబట్టి బోరుకు దూరంగా తవ్వాలి.

ఎండాకాలం రేగడిలో నీళ్లుపోసి పరీక్షిస్తే మోసపోతాం. నెర్రెల్లోకి గబగబా దిగిపోతాయి, భేషుగ్గా ఉందనుకుంటాం. ముందురోజే గుంత నింపి, రాత్రంతా నాననిచ్చి, నెర్రెలు మూసుకున్నాక తెల్లారి కొలవాలి. ఈ ఒక్కరోజు ఓపిక ఉంటే ఎన్నో దొడ్లు ఈపాటికి కట్టెలు దాచుకునే గదులు కాకుండా ఉండేవి.

పెరటికీ ఇదే తెలివి కావాలి. చెలక నీటిని నిలుపుకోదు. అందుకే చెరువు ఎండితే బండ్లతో ఒండ్రు తోలుకునేవారు. 2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయతో ఆ పని మళ్లీ ట్రాక్టర్ల మీద మొదలైంది. ఒండ్రు చెలకలో కలిస్తే తేమ నాలుగు రోజులు ఎక్కువ నిలుస్తుంది. రేగడి చేనుకు దానితో పెద్దగా పనిలేదు.

ఇప్పుడు మిద్దెలు విప్పి స్లాబులు వేస్తున్నారు. విప్పేవాళ్లను ఒకటే కోరతాను. పైకప్పు చౌడునూ గోడమట్టినీ ఒకే కుప్ప చెయ్యకండి. చౌడు పెరట్లో పడితే ఆ జాగాలో బెండచెట్టు కూడా లేవదు. గడ్డీ పేడా కలిసి, ఏళ్ల తరబడి మనుషుల మధ్య ఉన్న గోడమట్టి పాటిమన్నుతో సమానం. దాన్ని చెలకకు తోలండి.