నలుపు పక్కన నలుపు

2000 ఆగస్టు 24 దాకా మా పేటలో నాలా ఉందన్న సంగతి వాసనొచ్చినప్పుడే గుర్తొచ్చేది. ఆ రోజు లెక్కకి బేగంపేటలో ఇరవై నాలుగు గంటల్లో 24 సెంటీమీటర్ల వాన పడింది. హుస్సేన్‌సాగర్ నుంచి పొంగిన నీళ్లు దోమలగూడ, అశోక్‌నగర్ల మీదుగా మూసీకి పోవాలి. ఆ రాత్రి అవి మా ఇళ్లల్లోంచి పోయాయి. చిక్కడపల్లి వైపు సందులో కింది గదిలో నా డీటీపీ కొట్టు. పొద్దున్న తలుపు తీసేసరికి మోకాలి లోతు బురదనీళ్లు. బల్ల కింద సీపీయూ సగం మునిగి ఉంది. (డబ్బా మొత్తాన్నీ సీపీయూ అనడం మన అలవాటు. అసలు సీపీయూ లోపల ఫ్యాను కింద దాక్కున్న చిన్న చిప్పు.)

రెండు రోజుల తర్వాత కరెంటొచ్చింది. నేను చేసిన మొదటి పని ప్లగ్గు పెట్టబోవడం. గుమ్మంలోంచి ఒక కేక: "ముట్టొద్దు సార్! తడి బోర్డు చావదు, కరెంటిస్తేనే చస్తది." సందు చివర రిపేరు చేసే మనిషి ఆయన. అందరూ ఉస్తాద్ అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచేవాణ్ని.

ఇలాంటి ఉస్తాద్‌లు మా పేటకి ఊరికే రాలేదు. మా నారాయణగూడ మొదటినుంచీ చదువుల పేట. మాడపాటి హనుమంతరావు గారి తెలుగు బాలికల పాఠశాల 1928లో వచ్చింది. కేశవరావు కోరట్కర్ పేరు మీద కేశవ్ మెమోరియల్ 1940లో మొదలైంది. చదువున్న చోట ఉద్యోగాల ఆశ ఉంటుంది, ఆ ఆశ ఉన్న చోట టైపు ఇన్‌స్టిట్యూట్లు వెలుస్తాయి. సాయంత్రం ఈ సందుల్లో నడిస్తే మేడమీద నుంచి టకటకలు. ఆ మిషన్లు బాగుచేయడానికి సైకిలు మీద వచ్చే మెకానిక్‌లుండేవారు. తొంభైల్లో టకటకలు తగ్గి, అవే మేడల మీద కంప్యూటర్ల బోర్డులు లేచాయి. సీసపు అక్షరాలు పేర్చే కంపోజిటర్లు పేజ్‌మేకర్, అను ఫాంట్లు నేర్చుకున్నారు. నేనూ అలా వచ్చినవాణ్నే. మా ఉస్తాద్ మాత్రం రేడియోలు, టీవీలు బాగుచేస్తూ ఇటు తిరిగాడు. కుషాయిగూడ వైపు ఈసీఐఎల్ వాళ్లు 1969లోనే టీడీసీ-12 అనే కంప్యూటరు తయారుచేశారని శిష్యులకి గొప్పగా చెప్పేవాడు, ఏదో తన చుట్టాలింటి సంగతిలా.

ఆయన వైద్యం ఇలా నడిచింది. ముందు బోర్డు మీది గుండ్రటి సెల్ పీకేశాడు. గడియారాన్ని నడిపే మూడు వోల్టుల సెల్ అది. ప్లగ్గు లేకపోయినా బోర్డులో కరెంటు ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. మెత్తటి బ్రష్షుతో కుళాయి నీళ్ల కింద బోర్డుని కడిగాడు! నాకు గుండె ఆగినంత పనైంది. ఆ తర్వాత బ్యాటరీల కొట్టు నుంచి తెచ్చిన డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి. మూడు రోజులు ఫ్యాను కింద ఆరబెట్టాడు, ఎండలో కాదు. ఎస్‌ఎంపీఎస్ (కరెంటిచ్చే డబ్బా) జోలికి కుర్రాళ్లని పోనివ్వలేదు. ప్లగ్గు తీసినా దాని కెపాసిటర్లు కరెంటు పట్టుకునే ఉంటాయి. "ఇది పారేయ్, కొత్తది పెడదాం" అన్నాడు.

హార్డ్ డిస్కు పై అరలో ఉండబట్టి బతికింది. దానికి గాలి పీల్చే చిన్న బెజ్జం ఉంటుందట. అక్కడిదాకా బురద వస్తే ఆశ వదులుకోవలసిందేనట. దాన్ని తన మిషన్‌కి స్లేవ్‌గా, అంటే రెండో డిస్కుగా, తగిలించి, మిగతా ఏ పనికన్నా ముందు నా ఫైళ్లన్నీ సీడీలకెక్కించాడు. అంతకు ఏడాది ముందు వేరే చోట ఒక కుర్రాడు అడగకుండా ఫార్మాట్ కొట్టి, ప్రూఫులు దిద్దిన ఒక కవిగారి పుస్తకం మొత్తం తుడిచేశాడు. ఆ కవిగారికి ఎదురుపడకుండా నెలరోజులు వేరే సందులోంచి తిరిగాను. అందుకని నా దృష్టిలో ఉస్తాద్ పనితనమంతా ఆ సీడీల్లోనే ఉంది. ఫోల్డర్ల పేర్లు చదివాడు, ఒక్కటీ తెరవలేదు.

కొత్త ఎస్‌ఎంపీఎస్ బిగించడం శిష్యుడికి అప్పజెప్పాడు. ఆ కాలపు ఏటీ మిషన్లలో బోర్డుకి కరెంటిచ్చే ప్లగ్గులు రెండుండేవి, పక్కపక్కన పెట్టాలి. అటుది ఇటు పెడితే బోర్డు మాడిపోతుంది. రెండింటి నల్లవైర్లూ మధ్యలో కలవాలి. కుర్రాడు వంగగానే ఉస్తాద్ నోట మంత్రంలా వచ్చేది: "నలుపు పక్కన నలుపు." తర్వాతి ఏటీఎక్స్ ప్లగ్గు తిరగేస్తే దూరదు గనక ఆ మంత్రానికి పని పోయింది.

డబ్బా ఆఖర్న విప్పాలన్నది ఆయన పట్టుదల. మొదట మనిషిని అడగాలి: ఎప్పటినుంచి, అంతకుముందు ఏం చేశారు, ఏం చప్పుడొచ్చింది? అవార్డ్ బయాస్ (మిషన్ని మొదట లేపే ప్రోగ్రాం) ఉన్న బోర్డు ఒక పొడుగు, రెండు పొట్టి బీప్‌లు కొడితే డిస్‌ప్లే కార్డు వైపు చూడాలి. పొడుగు బీప్‌లు ఆగకుండా వస్తుంటే ర్యామ్. అది తీసి, బంగారు రంగు అంచుల్ని రబ్బరుతో రుద్ది మళ్లీ కూర్చోబెడితే సగం కేసులు లేచి కూర్చునేవి. దానికి డబ్బులు తీసుకోవడానికి ఆయన మొహమాటపడేవాడు. శిష్యుడు మొహమాటపడేవాడు కాదు. విప్పేముందు ఒంట్లోని స్టాటిక్ పోవడానికి చేత్తో ఇనప డబ్బాని ముట్టుకోవాలి. మరలన్నీ స్టీలు గిన్నెలో వేయాలి. ఒకసారికి ఒకటే మార్చి చూడాలి, రెండు కలిపి మారిస్తే ఏది పోయిందో దేవుడికే తెలియాలి.

ఇన్ని జాగ్రత్తలు చెప్పే ఆయన వాటిని పక్కన పెట్టింది 1999 ఏప్రిల్ 26 దెబ్బకే. చెర్నోబిల్ అన్న వైరస్ ఆ రోజు డిస్కుల్నీ, కొన్ని బోర్డుల్లో బయాస్‌నీ తుడిచేసింది. అలాంటి బోర్డే ఇంకోటి ఆన్ చేసి, అది నడుస్తుండగానే దాని బయాస్ చిప్పు పీకి, చచ్చిన చిప్పు గుచ్చి మళ్లీ రాయడం ఆయన విద్య. పుస్తకాల్లో ఉండదు, చేయమని ఎవరూ చెప్పరు. శిష్యుల్ని బయట నిలబెట్టి చేసేవాడు.

విడిభాగాలకి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ (సీటీసీ) దాకా పోవాల్సిందే. ఆ సీటీసీ ప్రయాణంలో సగం రోజు పోయేది. 2020 ఫిబ్రవరిలో చిక్కడపల్లిలో, నారాయణగూడలో అటు పోయే మెట్రో ఆగడం మొదలయ్యేసరికి విప్పే డబ్బాలే తగ్గాయి. ఇప్పుడు గిరాకీ అంతా నగర కేంద్ర గ్రంథాలయం చుట్టూ గదుల్లో ఉండి గ్రూప్స్‌కి చదివే పిల్లలది. చార్జరు పిన్ను వదులైందనో, ఫ్యాను దుమ్ము పట్టిందనో ల్యాప్‌టాప్‌లు తెస్తారు. చాలావాటిలో ర్యామ్ బోర్డుకే అతికి వస్తోంది, రబ్బరుతో రుద్దడానికి అందదు.

నా కొట్లో మాత్రం వరద భయంతో అప్పుడెక్కించిన డబ్బా ఇంకా నాలుగు ఇటుకల మీదే ఉంటుంది. కిందటేడు చేరిన ఆపరేటరమ్మాయి ఊడుస్తూ అడ్డమని వాటిని తీసి బయట పెట్టింది. సాయంత్రం ఆమె వెళ్లాక మళ్లీ తెచ్చి పెట్టుకున్నాను.