కార్లలో చిన్న వాయుగతిక భాగాలు

కారు చుట్టూ సాగే గాలిని అదుపు చేయడానికి బాడీకి అమర్చే చిన్న ఏర్పాట్లను వాయుగతిక భాగాలు అంటారు. పైకప్పు చివరి స్పాయిలర్, తలుపులో కలిసిపోయే హ్యాండిల్, గ్రిల్ వెనుక తెరుచుకుని మూసుకునే రెక్కలు ఈ కోవలోవి. కొనేవారి అవసరాలను బట్టి కారు ఆకారం ఖాయమయ్యాక, గాలి విషయంలో మిగిలిన లోపాన్ని దిద్దడానికే ఇవి ఎక్కువగా పుట్టాయని వీటి చరిత్ర చెబుతుంది.

తొలి ప్రయత్నాలు మొత్తం ఆకారాన్నే మార్చాలని చూశాయి. 1920లలో పాల్ యారే నీటిబొట్టు రూపంలో కార్లు గీశాడు. 1934లో వచ్చిన టాట్రా 77 ఆ బాటలోదే. అదే ఏడాది వచ్చిన క్రైస్లర్ ఎయిర్‌ఫ్లో మాత్రం జనానికి నచ్చక 1937తో ఆగిపోయింది. గాలికి నచ్చిన ఆకారం కొనేవారికి నచ్చకపోతే నిలవదని తేలింది. తర్వాత చూపు వివరాల మీదికి మళ్లింది. వేగంలో వెనుక భాగం పైకి లేవకుండా పోర్షే 1972లో 911 కరేరా ఆర్‌ఎస్‌కు బాతుతోక లాంటి స్పాయిలర్ పెట్టింది. 1982 నాటి ఆడి 100 కిటికీ అద్దాలను బాడీతో సమంగా బిగించి, గాలి నిరోధక గుణకాన్ని 0.30కి దించింది.

తెలుగునాట ఈ చరిత్రకు దగ్గరి ఉదాహరణ గోరంట్లకు పొరుగున, పెనుకొండ మండలం ఎర్రమంచిలోని కియా కర్మాగారం. ఇక్కడ తయారైన సెల్టోస్ 2019 ఆగస్టులో మార్కెట్లోకి వచ్చింది. ఎత్తు, లోపలి చోటు కోరుకునేవారి కోసం చేసిన ఇలాంటి బండ్లకు వెనుక భాగం దాదాపు నిలువుగా ఉంటుంది. పైకప్పు దాటిన గాలి అక్కడ విడిపోయి సుడులు తిరుగుతుంది, బండిని వెనక్కి లాగుతుంది. మట్టిరోడ్డు మీద రేగిన ఎర్రదుమ్ము వెనుక అద్దానికి పట్టేది ఆ సుడుల వల్లనే. స్పాయిలర్ అంచు పదునుగా ఉంటే గాలి ఎక్కడ విడిపోవాలో స్థిరపడుతుంది, సుడుల ప్రాంతం కొంత తగ్గుతుంది. 2025లో వచ్చిన కియా క్యారెన్స్ క్లావిస్ ఈవీలోని ముందు రెక్కలు చల్లదనం అవసరమైనప్పుడు తెరుచుకుంటాయి, లేనప్పుడు మూసుకుని నిరోధాన్ని తగ్గిస్తాయి. బ్యాటరీ బండిలో అలా ఆదా అయిన శక్తి ప్రయాణ దూరంగా కలిసొస్తుంది.

ఇదంతా అలంకారమేనన్న ఆక్షేపణలో కొంత నిజముంది. సొరచేప రెక్క ఆకారపు యాంటెన్నా అసలు పని సంకేతాలు అందుకోవడమే. తలుపులో కలిసిపోయే హ్యాండిల్‌తో వచ్చే లాభమూ స్వల్పమే. మన ఊరి రోడ్ల వేగానికి ఇవెందుకన్నది రెండో ఆక్షేపణ. గాలి నిరోధం వేగం వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది కాబట్టి గంటకు 40 కిలోమీటర్ల దగ్గర ఆ మాట దాదాపు చెల్లుతుంది. అదే కారు 44వ జాతీయ రహదారి ఎక్కి 100 అందుకుంటే నిరోధం 6.25 రెట్లవుతుంది. భద్రత సంగతి 1999లో తెలిసొచ్చింది. అధిక వేగంలో ప్రమాదాలు జరగడంతో ఆడి తన టీటీ కార్లను వెనక్కి పిలిపించి, ఇతర మార్పులతో పాటు వెనుక చిన్న స్పాయిలర్ బిగించింది. అందుచేత ఏ భాగం విలువనైనా రెండు ప్రశ్నలతో తేల్చాలి: అది ఏ లోపాన్ని దిద్దుతోంది, ఆ లోపం ఏ వేగంలో బయటపడుతుంది?